ముందు బండి వెళ్తోంది కదా!

సంక్రాంతి సెలవులు ముగిసి తార్నాకలో మళ్లీ హారన్ల మోత మొదలైన వారం అది. పోస్ట్‌మాన్ బెల్లు కొట్టి, ఒక పొడవాటి కవరు చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. మీద ఇటలీ ముద్ర ఉంది. "అక్కడినుంచి మనకు ఎవరు రాశారండీ?" అని మా ఆవిడ సంబరంగా వచ్చింది. విప్పి చూస్తే మేం ఎప్పుడో అద్దెకు తీసుకున్న కారు నంబరు, 2024 మే 16 అన్న తేదీ, ఉదయం 11 గంటల 42 నిమిషాలు అన్న సమయం, కింద 83 యూరోల జరిమానా.

ఎనిమిది నెలల కిందటి సంగతి. ఆ రోజు తిన్న భోజనం గుర్తుంది, ఎక్కిన కొండ గుర్తుంది. తప్పు చేసినట్టు మాత్రం ఏమాత్రం గుర్తు లేదు. గుర్తు లేకపోవడానికి కారణమేమిటో చెప్పాలంటే మొదటినుంచి రావాలి.

మేం వెళ్లింది నలుగురం. నేను, మా ఆవిడ, వాళ్ల అక్కగారు, ఆవిడ భర్త, అంటే మా తోడల్లుడు. ఆయన నాకన్నా ఆరేళ్లు పెద్ద. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన తమ్ముడూ అంటారు. బయలుదేరడానికి రెండు నెలల ముందునుంచే ఫోనులో ఇటాలియన్ నేర్చుకుంటున్నానని కుటుంబం మొత్తానికి చెప్పుకున్నారు. ఈ కథలో ఆ ఇటాలియన్‌కు పెద్ద పాత్రే ఉంది.

రోము, ఫ్లోరెన్స్ నగరాల్లో కారు తీసుకోవాలన్న ఆలోచన మాకు మొదటినుంచీ లేదు. అక్కడ కారేసుకుని తిరగడం చార్మినార్ చూడటానికి లారీ వేసుకుని పత్తర్‌గట్టీలోకి దూరడం లాంటిది. ఆ రెండు ఊళ్ల మధ్య రైలు గంటన్నరలో చేరుస్తుంది. కారు అవసరం వచ్చేది ఆ తర్వాత. ఫ్లోరెన్స్‌కు దక్షిణాన, సియెనా దాటాక, కొండల మీద చిన్న చిన్న పాత ఊళ్లుంటాయి. పియెంజా, మొంటెపుల్చానో, మొంటల్చీనో. వాటి మధ్య బస్సులు తక్కువ. అందుకని చివరి నాలుగు రోజులకు మాత్రం కారు అనుకున్నాం.

ముందు కాగితాల సంగతి. మన దేశం 1949 నాటి జెనీవా ఒప్పందం కింద అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తుంది. ఇచ్చేది ఆర్టీఏ కార్యాలయమే. ఇంటర్నెట్లో ఇంట్లో కూర్చోబెట్టి 'అంతర్జాతీయ లైసెన్సు' పంపిస్తామనేవాళ్లు కనిపిస్తారు, ఆ కార్డు ఎంత రంగురంగులుగా ఉన్నా పనికిరాదు. అసలైనది బూడిదరంగు అట్ట ఉన్న చిన్న పుస్తకం. లోపల ఒకే విషయం అనేక భాషల్లో ఉంటుంది, చివర మన ఫొటో. దరఖాస్తు ఫారం 4ఎ, ఫీజు వెయ్యి రూపాయలు, పైన సర్వీసు ఛార్జీలు. మమ్మల్ని పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు నకళ్లు అడిగారు. వీసా నకలు అడిగారు కాబట్టి వీసా వచ్చేదాకా ఆ పని కదల్లేదు. మాకు షెంజెన్ వీసా వచ్చింది ప్రయాణానికి పదిహేడు రోజుల ముందు.

స్లాటు బుక్ చేసుకుని వెళ్లాను. అక్కడ ఆగింది నా తప్పు వల్లే. ఫారం 1ఎ అని వైద్య ధ్రువపత్రం కూడా అడిగారు. మా వీధి డాక్టరు గారి దగ్గర సంతకం చేయించుకుని, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ముద్ర వేయించుకోవడం మరిచిపోయాను. కౌంటరులో ఉన్నాయన కాగితం రెండు వైపులా తిప్పి చూసి, "డాక్టరు గారు డాక్టరే అని మాకెలా తెలుస్తుంది సార్?" అన్నారు. ఆయన అడిగింది నిజమే. ఎండలో మళ్లీ హబ్సిగూడ వచ్చి, మధ్యాహ్నం నిద్రలో ఉన్న డాక్టరు గారిని లేపించి, ముద్ర వేయించుకుని వెళ్లాను.

ఈ పుస్తకం గురించి రెండు మాటలు. దీనికి ఆయుష్షు ఏడాది. ఈలోపు మన లైసెన్సు గడువే ముగిస్తే దీని గడువూ అంతటితో సరి. పైగా ఇది ఒంటరిగా చెల్లదు, పక్కన అసలు లైసెన్సు కార్డు ఉండాలి. మన ట్రాఫిక్ పోలీసులకు ఫోనులో చూపించే లైసెన్సు సరిపోతుంది. పరాయి దేశపు కౌంటరులో ఫోను చూపిస్తే నవ్వి ఊరుకుంటారు. నా కార్డు రాష్ట్ర విభజనకు ముందుది, మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, అంచులు అరిగిపోయాయి. దాన్ని బీరువాలో పాత బ్యాంకు పాస్‌బుక్కుల మధ్యనుంచి తవ్వి తీశాను.

ఇక సాధన. ఎడమచేతి వైపు స్టీరింగు ఉన్న కారు హైదరాబాదులో ఎక్కడ దొరుకుతుంది? రాత్రి భోజనమయ్యాక సెల్లారులోకి వెళ్లి, మా స్విఫ్టులో ఎడమ సీట్లో కూర్చుని, ఒళ్లో స్టీలు పళ్లెం పెట్టుకుని స్టీరింగులా తిప్పేవాడిని. కుడిచేతి కొసన లేన్ల గీత ఎక్కడ పడుతుందో ఊహించుకునేవాడిని. మూడో రోజు వాచ్‌మన్ వచ్చి, "సార్, తాళాలు పోయినాయా?" అని అడిగాడు. ఆ తర్వాత మానేశాను. అయినా ఆ మూడు రాత్రులు పనికొచ్చాయనే అనుకుంటాను. శరీరానికి ఒక కొత్త జాగా పరిచయమైంది.

మే 15న ఫ్లోరెన్స్ విమానాశ్రయం దగ్గరి కౌంటరులో కారు తీసుకున్నాం. ఊరి మధ్యలో కూడా అద్దె కార్ల ఆఫీసులున్నాయి. అక్కడ తీసుకుంటే మొదటి అడుగే పాతనగరం ఇరుకుల్లో పడుతుంది. విమానాశ్రయం ఊరి అంచున ఉంది, ట్రాములో వెళ్లవచ్చు, బయటికి రాగానే పెద్ద రోడ్డు.

మేం ఇంటినుంచి బుక్ చేసినప్పుడు అద్దె నాలుగు రోజులకు 210 యూరోలు. చవకే అనుకున్నాం. కౌంటరులో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా ఆ 210ని పెంచుకుంటూ పోయింది. అద్దెలో మామూలు బీమా ఉంటుంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా చట్టప్రకారం ఉండే తీరాలి, దాని గురించి దిగులు లేదు. మన కారుకు ఏదైనా అయితే మొదటి 1,500 యూరోలు మనవే, ఆపైనే కంపెనీ భరిస్తుంది. ఆ 1,500ని మనం వాడుకోకుండా క్రెడిట్ కార్డులో బిగించి పెడతారు. అలా వద్దనుకుంటే రోజుకు 22 యూరోలు కడితే మన వంతు సున్నా, బిగింపు 300కి తగ్గుతుంది. రెండో డ్రైవరు కావాలంటే రోజుకింత. జీపీఎస్ కావాలంటే రోజుకింత.

మా తోడల్లుడు ఇక్కడ బేరం మొదలుపెట్టారు. కోఠిలో చీరల దుకాణం అనుకున్నారేమో! ఆ అమ్మాయి చిరునవ్వు చెదరలేదు, అంకె కదలలేదు. నేను ఆ 22 యూరోలు కట్టేశాను. దీని మీద నా అభిప్రాయం స్పష్టం. కొత్త దేశం, తిరగేసిన స్టీరింగు, ఇరుకు సందులు, కంకర దారులు. ఈ నాలుగూ కలిసిన చోట నాలుగు రోజుల మనశ్శాంతికి ఎనిమిది వేల రూపాయలు ఎక్కువ కాదు. ఇంటి దగ్గరే వేరే సంస్థ దగ్గర ఇంకా చవగ్గా ఇలాంటి బీమా కొనుక్కోవచ్చు. కానీ అందులో ముందు అద్దె కంపెనీకి మన జేబునుంచి కట్టి, తర్వాత కాగితాలన్నీ పోగుచేసి తిరిగి రాబట్టుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లకు అదే మేలు. ఏ బీమా తీసుకున్నా టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి, చాలావాటిలో ఉండవు. రెండో డ్రైవరు వద్దన్నాను. జీపీఎస్ కూడా వద్దన్నాను, ఫోనులో మ్యాపు దించుకుని ఉంచాం.

క్రెడిట్ కార్డు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలి. మా పక్క కౌంటరులో ఒక జంట ఫారెక్స్ కార్డులో వేల యూరోలు నింపుకుని వచ్చి, అది చెల్లదంటే బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. డబ్బులుండి కారు దొరకలేదు. ఇంకో చిక్కు, మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు మనమే యాప్‌లో తెరుచుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల 2020 నుంచి కొత్త కార్డులు దేశంలోపలి వాడకానికే తెరిచి ఇస్తున్నారు. అలాగే మెషీను 'రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా' అని అడుగుతుంది. రూపాయలు కనిపించగానే ప్రాణం లేచొస్తుంది. ఆ మారకం రేటు మన బ్యాంకు రేటు కన్నా ఘోరంగా ఉంటుంది. యూరోలే నొక్కాలి.

కారు మాత్రం ఆటోమేటిక్ తీసుకున్నాను. ఇటలీలో అద్దె కార్లు ఎక్కువగా గేర్లవే, ఆటోమేటిక్‌కు ఎక్కువ అడుగుతారు. పదిహేనేళ్లుగా గేర్ల బండి నడుపుతున్న నాకు అదొక అవమానంలా తోచింది కూడా. మా ఆవిడ ఒకటే మాట అంది: "ఒక చెయ్యి కొత్త పని నేర్చుకుంటోంది చాలు, రెండో చేతికెందుకు?" పెద్ద కారు తీసుకునే డబ్బు ఆటోమేటిక్ మీద పెట్టడం మేలని ఇప్పుడు నేనే అందరికీ చెబుతున్నాను. పెద్ద కారుతో ఆ ఊళ్లలో పడే పాట్లు వేరే.

తాళం చేతికొచ్చాక కారు చుట్టూ తిరుగుతూ వీడియో తీశాను. నాలుగు చక్రాల రిమ్ములు, బంపరు కింది అంచు, అద్దాల వెనకవైపు, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె. "పెళ్లి వీడియోకి కూడా ఇంత శ్రద్ధ లేదు" అన్నారు వదినగారు.

బయలుదేరగానే జరిగిన మొదటి సంగతి, ఎండలో వైపర్లు ఆడటం. మా స్విఫ్టులో ఇండికేటరు కాడ స్టీరింగుకు కుడివైపు ఉంటుంది, ఆ కారులో ఎడమవైపు. మలుపు వచ్చినప్పుడల్లా నేను వైపర్లు వేశాను. నాలుగు రోజులు టస్కనీ అనే ఆ ప్రాంతపు రైతులకు వాన రాకడ గురించి సంకేతాలిస్తూనే ఉన్నాను.

రౌండబౌట్లు మాత్రం నాకు నచ్చాయి. మనకు హైదరాబాదులో సిగ్నళ్లు తీసేసి యూటర్నులు పెట్టినట్టు, వాళ్లు ప్రతి కూడలిలో ఒక గుండ్రటి తిన్నె పెట్టారు. అపసవ్య దిశలో తిరగాలి. లోపల తిరుగుతున్నవాడిదే దారి, బయటినుంచి వచ్చేవాడు ఆగాలి. ఇది నోటితో చెప్పడం తేలిక. మనకు ఆగడమంటే ముక్కు కొద్దిగా లోపలికి పెట్టి ఆగడం. ఎదుటివాడు మన ముక్కు చూసి ఆగితే మనం వెళ్తాం, మనం అతని ముక్కు చూసి ఆగితే అతను వెళ్తాడు. అక్కడ నేను ముక్కు పెట్టిన మొదటిసారి లోపలి కారు ఆగలేదు. ఆగాలేమోనన్న అనుమానం కూడా అతని మొహంలో లేదు. గీత దగ్గర నేను ఉంటానని అతని నమ్మకం. బ్రేకు మీద నా కాలు వణికింది. వెనక సీట్లో ఇద్దరక్కచెల్లెళ్లూ ఒకేసారి వేంకటేశ్వరుణ్ణి తలచుకున్నారు.

అప్పుడు నాకు ఒక విషయం తట్టింది. తట్టినంత మాత్రాన బుద్ధి రాలేదు, అది వేరే సంగతి. ఉప్పల్ రింగు రోడ్డులో నేను బోర్డులు చూడను. ఎదుటి బండిని, పక్క ఆటోను, అటునుంచి దాటబోతున్న మనిషి భుజాన్ని చూస్తాను. ముందు బండి ఎటు పోతే అటు దారి ఉన్నట్టు, ఆగితే ముందేదో ఉన్నట్టు. పదిహేనేళ్లుగా ఏ ప్రమాదమూ లేకుండా నడిపానంటే ఆ చూపు వల్లే. అక్కడ అందరూ గీతను, బోర్డును చూసి నడుపుతున్నారు, పక్కవాడి మొహం ఎవరికీ పట్టదు. స్టాపు అని ఉంటే, పొలాల మధ్య కనుచూపు మేరలో పురుగు లేకపోయినా చక్రం పూర్తిగా ఆగుతుంది.

ఫ్లోరెన్స్‌నుంచి సియెనాకు టోలు లేని నాలుగు వరుసల రోడ్డు ఉంది. ఇరుకుగా, వంకరలుగా ఉంటుంది. ఎడమ వరుస దాటడానికి మాత్రమే, దాటగానే కుడికి వచ్చేయాలి. మన అవుటర్ రింగు రోడ్డు మీద 158 కిలోమీటర్లూ కుడి వరుసలోనే ధ్యానంలో సాగే లారీలను చూసిన కంటికి ఆ క్రమశిక్షణ కొత్తగా అనిపించింది.

ఇక మే 16, గురువారం. బస చేసిన తోటనుంచి ఉదయం బయలుదేరి ఒక కొండ మీది పాత ఊరికి వెళ్లాం. పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు కదా. చుట్టూ కోట గోడ, గోడకు రాతి ద్వారం. ద్వారానికి ముందు ఎర్ర అంచు ఉన్న తెల్లటి గుండ్రటి బోర్డు, కింద నాలుగు వరుసల ఇటాలియన్, పక్కన ఎర్రక్షరాలతో వెలుగుతున్న ఎలక్ట్రానిక్ పలక. దాని మీద 'వార్కో అత్తీవో' అని ఉంది.

నేను బ్రేకు వేశాను. ఆ మాత్రం అనుమానం నాకు వచ్చిందని రాసుకోవాలి.

"అత్తీవో అంటే యాక్టివ్. వార్కో అంటే ద్వారం. ద్వారం తెరిచే ఉందన్నమాట" అన్నారు మా తోడల్లుడు, రెండు నెలల చదువు సార్థకమైన ఆనందంతో.

"బోర్డు ఏదో ఎర్రగా ఉంది అన్నయ్యగారూ."

అంతలో మా ముందున్న చిన్న తెల్ల కారు, ముసలాయన ఒకరు నడుపుతున్నది, వేగం కూడా తగ్గించకుండా ద్వారంలోకి వెళ్లిపోయింది.

"ముందు బండి వెళ్తోంది కదా తమ్ముడూ, పోనివ్వు."

పోనిచ్చాను.

లోపల సందు సుల్తాన్ బజారు గల్లీ అంత ఉంది, తేడా అల్లా నేల రాళ్లతో పరిచి ఉండటమే. అద్దాలు మడిచి నడిపాను. ఒక గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఇంత ఇరుకులో ఎంత బాగా నడుపుతున్నాడో అని మెచ్చుకుంటోందనుకున్నాను, నమస్కారం కూడా పెట్టాను. పార్కింగు దొరకలేదు. తిరిగీ తిరిగీ ఇంకో ద్వారం గుండా బయటపడ్డాం. మ్యాపు మళ్లీ లోపలికే దారి చూపించింది. అలాగే మూడో ద్వారం గుండా మళ్లీ లోపలికి వెళ్లాం. చివరికి విసిగి గోడ బయటే నీలం గీతల మధ్య కారు పెట్టి, మెషీనులో కారు నంబరు కొట్టి డబ్బు కట్టి, నడిచి వెళ్లాం. నాలుగు నిమిషాల నడక. మొదటే ఆ పని చేసి ఉంటే ఈ కథే లేదు. నీలం గీతలు డబ్బు కట్టేవి, తెల్లవి ఉచితం, పసుపువి మనవి కావు. ఇది మాత్రం అప్పటికే నేర్చుకున్నాం.

ఆ మధ్యాహ్నం తిన్న చేత్తో చేసిన లావుపాటి సేమ్యాను వదినగారు ఇప్పటికీ తలచుకుంటారు. ఎవరమూ ఏ తప్పూ చేసినట్టు లేము.

తర్వాతి రెండు రోజుల సంగతులు కొన్నే చెబుతాను. ఒక పల్లె దారిలో సైకిలు మీద వెళ్తున్నాయన్ని దాటుతూ అలవాటుగా చిన్న హారను కొట్టాను. మన లెక్కలో అది పలకరింపు, 'వెనక నేనున్నాను నాయనా' అని. ఆయన సైకిలాపి, దిగి, మా కారు కిటికీ దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు, కంగారుగా ఉన్నాడు. ఏదైనా ప్రమాదమా, టైరులో గాలి పోయిందా అని సైగలతో అడిగాడు. ఏమీ లేదని చెప్పడానికి మా తోడల్లుడి ఇటాలియన్ మొత్తం ఖర్చయింది. ఊళ్లలో అయితే ప్రమాదం తప్పించడానికి తప్ప హారను కొట్టనే కూడదట. ఆ తర్వాత తిరుగు ప్రయాణం దాకా ఆ మీట ముట్టుకోలేదు.

పెట్రోలు దగ్గర పెద్ద గండం తప్పింది. ఆ కారుకు పెట్రోలు, అంటే బెంజీనా, ఆకుపచ్చ పిడి. పక్కన నల్లపిడి మీద 'గజోలియో' అని ఉంటుంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి 'గ్యాసు' అంటుంటాడు కదా, ఆ వరసలో గజోలియో అంటే పెట్రోలే అనుకుని పిడి ఎత్తాను కూడా. అది డీజిలు. మా ఆవిడ కారు మూతలోపల అతికించిన కాగితం చదివి ఆపింది. తప్పు ఇంధనం పోస్తే ఇంజను బాగుచేయించే ఖర్చు మామూలు అద్దె బీమాలో రాదు, 22 యూరోల బీమా అయినా నన్ను కాపాడి ఉండేది కాదు. అక్కడి బంకుల్లో 'సెల్ఫ్' అన్న వరుసలో మనమే పోసుకోవాలి, 'సెర్వీతో' వరుసలో మనిషి పోస్తాడు, ధర ఎక్కువ. మనిషి లేని మెషీన్లు కార్డులో ముందుగా వంద యూరోలదాకా బిగించి, తర్వాత పోసుకున్నంతే ఉంచుకుంటాయి. ఫోనుకు వందయూరోల మెసేజి రాగానే గుండె పట్టుకోనక్కర్లేదు.

మే 18న తిరిగి ఫ్లోరెన్స్‌కు వస్తూ మిలాన్‌నుంచి నేపుల్స్ దాకా పోయే ఏ1 రహదారి ఎక్కాం. గరిష్ఠ వేగం 130. ఎక్కేచోట మెషీను టికెట్ ఇస్తుంది, దిగేచోట దూరాన్ని బట్టి కడతాం. దిగేచోట ఫాస్టాగ్ అలవాటు చేతిని లాగింది. పసుపు రంగులో టెలిపాస్ అని ఉన్న వరుస ఖాళీగా, హాయిగా కనిపించింది. అది వాళ్ల ఫాస్టాగ్, మన అద్దె కారులో అది లేదు. అందులోకి దూరితే వెనక్కి రావడానికి వీల్లేదు, నిషిద్ధం. ఈసారి ముందు బండి అందులోకే వెళ్లింది. నేను వెళ్లలేదు. నీలం బోర్డు ఉన్న వరుసలో కార్డుతో కట్టి బయటపడ్డాను. అంత గొప్ప విజయం ఎవరికీ చెప్పుకోలేనిది.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు తనిఖీ చేసిన కుర్రాడు ముందు కుడి రిమ్ము దగ్గర వంగి, వేలితో ఒక గీతను తడిమి, మా వైపు చూశాడు. నేను మాట్లాడకుండా ఫోను తీసి వీడియోలో రెండో నిమిషం దగ్గర ఆపి చూపించాను. అదే గీత, పక్కన మే 15 తేదీ. భుజాలెగరేసి సంతకం పెట్టాడు. సున్నా బీమా ఉన్నా రిమ్ములు అందులో లేవని నాకు ఆ తర్వాతే, కాగితం చదివితే తెలిసింది. వదినగారు అన్న పెళ్లి వీడియో మాట అప్పుడు వెనక్కి తీసుకున్నారు.

అంతా ముగిసిందనుకున్నాం. ఆగస్టులో ఒక రాత్రి నా క్రెడిట్ కార్డునుంచి అద్దె కంపెనీ 45 యూరోల చొప్పున రెండుసార్లు లాగింది. మొదట మోసమనుకున్నాను. బ్యాంకుకు ఫోను చేసి, అద్దె కంపెనీకి మెయిలు రాస్తే, రెండు వారాలకు జవాబు వచ్చింది. ఇది జరిమానా కాదట. మీ వివరాలు అడిగిన అధికారులకు వాటిని పంపినందుకు మా శ్రమ ఫలితమట. ఒప్పంద పత్రం పదకొండో పేజీలో ఉందట. ఉంది. ఒక చిరునామా పంపడానికి నాలుగు వేలు తీసుకునే శ్రమ ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. పైగా నేను కట్టిన ఆ 22 యూరోల బీమాకూ దీనికీ సంబంధం లేదు. రెండు ద్వారాలు, రెండు కెమెరాలు, రెండు శ్రమ ఫలితాలు.

అప్పుడు కూర్చుని చదివాను. ఇటలీలో చాలా పాత ఊళ్ల నడిబొడ్డు 'జోనా ఎ ట్రాఫికో లిమిటాటో', పరిమిత రాకపోకల ప్రాంతం. అనుమతి ఉన్న స్థానికుల బండ్లే లోపలికి వెళ్లాలి. లోపల హోటల్లో దిగేవాళ్లయితే కారు నంబరు హోటలు వాళ్లకు ముందే చెప్పి నమోదు చేయించుకోవచ్చు. 'వార్కో అత్తీవో' అంటే ద్వారంలోని కెమెరా పనిచేస్తోంది, లోపలికి రావద్దు అని. 'నోన్ అత్తీవో' అని ఉంటే వెళ్లవచ్చు. తల అడ్డంగా ఊపిన పెద్దావిడకు ఇదంతా తెలుసు. తెల్ల కారు ముసలాయనకు అనుమతి ఉంది, ఆయన ఇల్లు అక్కడే అయి ఉంటుంది.

మా తోడల్లుడికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అత్తీవో అంటే యాక్టివే కదా తమ్ముడూ" అన్నారు చివరికి. ఆయన అనువాదంలో తప్పు లేదు, అదే బాధ.

ఆగస్టునుంచి ఎదురుచూస్తుంటే జనవరిలో వచ్చింది ఈ మొదటి కవరు. ఐదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గింపు ఉంది, 83 కాస్తా 58 యూరోల 10 సెంట్లు. తపాలా ఖర్చులు, మా బ్యాంకు మారకం రుసుము కలిపి ఏడు వేల దాకా అయింది. ఆ రాత్రే ఆన్‌లైనులో కట్టి, రసీదు అచ్చు తీసి కవరుకే పిన్ను కొట్టాను. ఒక్క కాగితం మీద ఒక్క ఉల్లంఘనే ఉంది, 11 గంటల 42 నిమిషాలది. మూడో ద్వారంది లేదు. మర్నాడు మా తోడల్లుడు అడగకుండానే నా ఖాతాలో 3,500 వేశారు. కింద సందేశంలో 'పోనివ్వమన్నందుకు' అని రాశారు.

విదేశాల్లో ఉండేవాళ్లకు నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువిస్తుంది. ఇది 2025 మార్చి. రెండో కవరు ఇంకా రాలేదు. బెల్లు మోగినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోంచి, "పోస్టేనేమో చూడండి, సంతకం పెట్టాల్సింది మీరే" అంటుంది.